పంటి కింద ఎర్రబరికె

బుట్ట అల్లేటప్పుడు వెర్నాకు మూడు చేతులు కావాలి. రెండు చేతులు బరికెలను వంచుతుంటే మూడో చేతి పని పళ్ళు చేస్తాయి. కొసను పంటితో పట్టి లాగకపోతే అడుగు బిగియదు. ఆమె ఎరిగిన, అమెరికాలోని ఒజిబ్వే ఆదివాసీ తెగ ఆడవాళ్ళంతా అలాగే అల్లారు. పట్టణంవాళ్ళు డాగ్‌వుడ్ అనే పొద ఈ ఆడవాళ్ళకు ఎర్రబరికె.

ఒకప్పుడది రోడ్డు పక్క కాలువల్లో కావలసినంత పెరిగేది. రోడ్లవాళ్ళు అక్కడ కలుపుమందు కొట్టడం మొదలుపెట్టాక, ఆ కొసలు పంట పట్టి వెర్నా నాలుక పుండ్లు పడింది. ఆమె అక్క ఐరిన్ అల్లడమే మానేసింది. మందు కొట్టామని ఎక్కడా ఒక్క బోర్డూ పెట్టలేదు. కేసినో వంటగదిలో పనిచేసే కూతురు మార్లిస్ అల్లిక నేర్పమంటే, విషం అంటని బరికె దొరికేదాకా నేర్పనని వెర్నా తెగేసి చెప్పింది. చిత్తడినేల లోపలికి పోయి, తల్లిపొద మొదట్లో తమ ఆచారం ప్రకారం కృతజ్ఞతగా చిటికెడు పొగాకు ఉంచి, కొమ్మలు కోసుకొచ్చి పెరట్లో గుచ్చింది. మూడో ఏటికి పొద నడుమెత్తు దాటింది.

ఆకు రంగు తిరగకముందే పురపాలక తనిఖీదారు హాల్వర్సన్ వచ్చాడు.

“వెర్నా గారూ, ఈ తుప్ప కొట్టించెయ్యాలి. పక్కింటి కార్ల్ చూళ్ళేకపోతున్నాడు.”

“కళ్ళు అటు తిప్పుకోమను నాయనా. ఆయన గడ్డిని మేం ఇన్నేళ్ళు చూళ్ళేదూ?”

అతను నవ్వాపుకున్నాడు.

“ఆకు రాలనివ్వు. నేలమట్టానికి నేనే కోసుకుంటా,” అంది వెర్నా.

“సరే, ఆకు రాలేదాకా.”

ఆ ఊరి నిబంధన మోకాలెత్తు దాటిన గడ్డినీ కలుపునూ మాత్రమే నిషేధించింది. పొద అన్న మాట అందులో లేదు. ఇంటివారికి చెప్పకుండా మందు కొట్టే అధికారమూ అది ఎవరికీ ఇవ్వలేదు. అయినా, వెర్నా అక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజున పురపాలకవాళ్ళ కలుపుమందు ట్యాంకర్ వచ్చి తన పని చేసుకుపోయింది. ఆకులు ఎలాగూ ఎర్రబారే కాలం. ఏది పండిందో, ఏది మాడిందో చూపుకు అందలేదు.

ఆకు రాలాక, సెలవు రోజున, మార్లిస్ బరికెలు కోసింది. వెర్నా అంగడి నుంచి వస్తుంటే కార్ల్ కంచె మీదుగా పలకరించాడు.

“మొత్తానికి మందు బాగా పట్టింది, కదూ?”

“ఏ మందు?”

“మీరు లేనప్పుడు ట్యాంకర్ రాలే?”

వెర్నా పరుగెత్తింది. మెట్ల మీద మార్లిస్ బరికె కొసను పళ్ళ మధ్య బిగించి, తల్లి అల్లుతుండగా చూసినట్టే లాగుతోంది.

“ఉమ్మెయ్! ఉమ్మెయ్యవే!”

“ఏమైందమ్మా? సరిగ్గానే పట్టుకున్నాగా!”

వెర్నా ఆమె దవడ పట్టి నోరు తెరిపించి, గొట్టంతో నీళ్ళు కొట్టింది.

మర్నాడు పురపాలక కార్యాలయంలో హాల్వర్సన్ తల ఎత్తలేదు. “పంపింది నేను కాదు. అయినా, ఆ మోతాదులో ప్రమాదం లేదండీ.”

వెర్నా ఒక బరికెను అతని బల్ల మీద పెట్టింది. “అయితే కొరుకు.”

అతను దాన్ని ముట్టుకోలేదు. కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

వసంతంలో మొదళ్ళు చిగురించలేదు. మార్లిస్ ఇప్పుడు కొన్న పేముతో అల్లుతోంది, కొసను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని.

“వదులుగా ఉందా అమ్మా?”

“ఉంది.”

“మరి ఎలా పట్టుకోను?”