బంతిపూల దండ వేసిన కంప్యూటర్

వంటింట్లో ఉండగా హాల్లోంచి బంతిపూలు ఉడుకుతున్న వాసన వచ్చింది. తిరుపతిలోని మా ఇంట్లో ఆ రోజు ఆయుధపూజ. హాల్లో దండ వేసిన పాత కంప్యూటర్ బల్ల కింద నా పిల్లలిద్దరూ ఆడుకుంటున్నారు.

పరుగెత్తాను. కంప్యూటర్ వెనక నుంచి పొగ! పిల్లల్ని ఇవతలికి లాగానో లేదో, లోపల ఏదో టప్‌మని పేలి వాళ్ల చాప మీద నిప్పురవ్వలు పడ్డాయి. వెంటనే మెయిన్ ఆపేశాను.

గేముల కోసం మా మరిది దాని ప్రాసెసర్ వేగాన్ని పరిమితికి మించి పెంచాడు. ఓవర్‌క్లాకింగ్ అంటారట. మరీ వేడెక్కితే దానంతటది ఆగిపోయే ఏర్పాటునూ తీసేశాడు. పూజలో వెనకవైపు దండ వేసి, గేమ్ నడుస్తుండగానే బయటికి వెళ్లాడు. దండ దారం కంప్యూటర్‌ను చల్లబరిచే ఫ్యాన్‌కు చుట్టుకుని అది తిరగడం మానేసింది.

అతను రాగానే అడిగాను. "ఏమప్పా, పిల్లోళ్లు ఈడే ఆడుకుంటారని తెలీదా నీకు?"

"ఊరికే అరస్తావేంది వదినా? పాతది పోయినాది, పోనీ!" అని నవ్వాడు.

"ఆ నిప్పు నీ సొక్కా మీద పడుంటే నవ్వేవాడివా?"

"పండగపూట వాణ్ణేమీ అనొద్దు" అంది అత్త.

ఆ నవ్వును నేనింకా క్షమించలేదు. మర్నాడు పొద్దున పిల్లలకు ఒకటే చెప్పాను. "మీ చిన్నాయన పిలిస్తే పలకండి. ఆయప్ప ఆన్ చేసిన దేని పక్కనా కూర్చోబాకండి."