ప్లగ్గు లేని ఇంజను

నా చిన్నప్పుడు, నర్సంపేట దగ్గరి మా ఊళ్లో, మా బావి మీది ఆయిల్ ఇంజనంటే నాకు భయమూ ఉండేది, దాని లోపల ఏం జరుగుతుందో చూడాలన్న ఆశా ఉండేది. నాన్న మాత్రం దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, దసరా సెలవుల్లో, దాన్ని విప్పి బాగుచేయడానికి వరంగల్ నుంచి మెకానిక్ చాచా వచ్చాడు. గోనెసంచి మీద సామానంతా పేర్చుకుంటుంటే ధైర్యం చేసి అడిగాను.

"చాచా, స్కూటరుకు ప్లగ్గుంటది గద. దీనికి లేదు. మరి లోపల నిప్పెట్ల పుడ్తది?"

చాచా తన సైకిల్ పంపు నా చేతికిచ్చి, దాని మూతిని బొటనవేలితో మూసి కొట్టమన్నాడు. పది పన్నెండుసార్లు కొట్టేసరికి పంపు అడుగు చురుక్కుమంది.

"కాలిందా బిడ్డా? గాలిని ఒత్తితే గట్లనే వేడెక్కుతది. ఇంజన్ల ఇంకా మస్తు ఒత్తుతది. అండ్ల డీజిల్ తుంపర పడంగనే భగ్గున అంటుకుంటది."

"ఆడపిల్లకు గియ్యన్ని ఎందుకు చాచా?" అన్నాడు నాన్న.

"తిప్పే చెయ్యి ఎవలదో ఇంజనుకు తెల్వదన్నా," అంటూ చాచా నాతోనే చక్రం తిప్పించాడు. పిస్టన్ కిందికీ పైకీ పోతుంటే, గాలి పీల్చుడు, ఒత్తుడు, కాలుడు, పొగ వదులుడు అని నాలుగూ నా నోటితోనే చెప్పించాడు. అంతా బిగించాక, పైపులో గాలుంటే డీజిల్ రాదంటూ ఒక నట్టు వదులు చేసి ఆ గాలి తీశాడు.

ఆ యాసంగి పంటకాలంలో వరి పొట్టకొచ్చిన రోజుల్లో డీజిల్ అయిపోయి ఇంజను ఆగిపోయింది. మళ్లీ డీజిల్ పోసి, నాన్న చొక్కా తడిసిపోయేదాకా హ్యాండిల్ తిప్పాడు. అది పలకలేదు. మడి అప్పటికే నెర్రెలు విచ్చుతోంది. చాచా రావాలంటే రెండు రోజులు.

"నాన్నా, జర నన్ను చూడనియ్యి," అన్నాను.

హ్యాండిల్ బిగువు చూస్తే గాలిని బాగానే ఒత్తుతోంది. అంటే రానిది డీజిలే. ఖాళీ అయినప్పుడు పైపులోకి గాలి చేరి ఉంటుంది. చాచా ఎక్కడి నట్టు వదులు చేసి గాలి తీశాడో నాకు గుర్తుంది. పానా పెట్టి అక్కడే వదులు చేశాను. బుడబుడమని బుడగలొచ్చాయి. అవి ఆగి వట్టి డీజిల్ కారాక బిగించాను. నాన్న ఇంకోసారి తిప్పాడు. రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి ఇంజను అందుకుంది. కాలువలోకి నీళ్లు దుమికాయి.

సాయంత్రం చాయ్ హోటల్ ముందు నాన్న, పదిమంది వినేటట్టు, "మా బిడ్డ బాగుచేసింది ఇంజను," అన్నాడు.

తర్వాత పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు వర్క్‌షాపులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. అందరూ నావైపే చూస్తుంటే గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ సాయంత్రం చాయ్ హోటల్ ముందు విన్న నాన్న గొంతు చెవుల్లో మోగింది. పానా తీసుకుని ముందుకు నడిచాను. ఇన్నేళ్లయినా, ఎక్కడైనా వెనక నిలబడాలనిపిస్తే, ఆ గొంతే నన్ను నడిపిస్తుంది.