ఒక పొట్లం తక్కువ

గణపతిరావు కొట్లో సరుకులు కొంటే ఒక పొట్లం తక్కువ రావడం ఖాయమని ట్రాఫిక్ కాలనీలో చెప్పుకునేవారు. బియ్యం వస్తే పప్పు రాదు, పప్పు వస్తే పోపుగింజలు రావు. దీపాలు పెట్టే వేళకు ఆయనే ఆ పొట్లం పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు.

"మర్సిపోనాను తల్లీ," అంటాడు. నొచ్చుకున్నట్టు మాత్రం ఉండడు.

ఖరగ్‌పూర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు చేసిన మనిషి. ఒక్క మూటనూ దారి తప్పనివ్వలేదు. పందొమ్మిది వందల అరవై మూడులో ఉన్నట్టుండి రాజీనామా ఇచ్చి ఈ కొట్టు పెట్టాడు. ఎందుకని అడిగితే, "ఇన్నేళ్లు పంపినాను గానీ, మూట ఇప్పుకున్న మొహం ఒక్కటీ సూడ్లేదు," అన్నాడు. ఆ మొహాల కోసం రైల్వే క్వార్టరు పోయింది. భార్య హైమవతి తాల్‌బగీచాలో అద్దె గదికి సామాను సర్దుకుంది. ఇక కొట్టు నిలబడితేనే వాళ్లు నిలబడేది.

"గణపతి దాదా, నూన్ కోథాయ్?" రిటైరైన డ్రైవర్ మిత్రబాబు వీధి చివర నుంచే ఉప్పు కోసం కేకేసేవాడు.

"పార్సిల్ ఆఫీసులో దాసుకున్న మతిమరుపంతా ఇక్కడ కర్సు సేత్తన్నాడమ్మా," అని పాత స్నేహితుడు తిమోతి నవ్వాడు.

హైమవతికి నవ్వు రాలేదు. రేపు వీళ్లంతా గోల్‌బజార్ కొట్ల దారి పడితే?

"ఏటండీ, ఇలాగైతే బేరానికి ఎవరొత్తారు?"

"ఒత్తన్నారు కదే."

"నవ్వుకోడానికొత్తన్నారు!"

మర్నాటి నుంచి ఆవిడే కొట్లో కూర్చుంది. జాబితా చదివి, ఒక్కో పొట్లం సరిచూసి సంచిలో వేసింది. మూడు రోజులు ఏదీ తగ్గలేదు. మూడు సాయంత్రాలూ గణపతిరావు చెప్పులు వేసుకున్నాడు, వీధిలోకి చూశాడు, విప్పేశాడు. లైన్ క్లియర్ రాని గూడ్సు బండిలా కొట్టు ముందే ఆగిపోయాడు.

నాలుగో రోజు జోగమ్మ వచ్చింది. భర్త పోయాక వెనకవీధిలో ఒక్కతే ఉంటోంది.

"ఏటి హైమా, మీ ఆయనకి నా మీద కోపమా?"

"కోపమేటి పిన్నీ?"

"మొన్న అన్నీ ఇచ్చేసినారు."

"ఇస్తే మంచిదే కదా!"

"మంచిదేటి? సందేళ తలుపు కొట్టినోడు లేడు. మిత్రబాబూ అదే గోల. రెండు గ్లాసుల టీ కాసి, రెండూ తనే తాగినాడట."

హైమవతి ఒక్కో ఇల్లూ తలుచుకుంది. పదిమంది తిరిగే ఇళ్లకు ఏనాడూ ఏదీ తగ్గలేదు. తగ్గినవన్నీ ఒంటి మనుషుల సంచులే. భర్త వైపు తిరిగింది. ఆయన శుభ్రంగా ఉన్న త్రాసును మళ్లీ తుడుస్తున్నాడు.

హైమవతి జోగమ్మ సంచిలో బియ్యం వేసింది, పప్పు వేసింది, చింతపండు వేసింది. ఆవాల పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. జోగమ్మ దాన్ని చూసింది. చూడనట్టే సంచి ఎత్తుకుని మెట్టు దిగింది. దిగి వెనక్కి తిరిగింది.

"ఈసారి నువ్వే రా అమ్మా. మీ ఆయన ఊసు సగంలో ఉండగానే లెగిసిపోతాడు, అవతల మిత్రబాబు టీ సల్లారిపోద్దని."