చిన్నమ్మ కుట్టిన జపాను అంగీ

మొన్న తుక్కుగూడలో మనవరాలి ఇంట్లో కూర్చుని ఉంటే, దాని కూతురు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. "తాతమ్మా, గిది చూడు, ఎంత ముద్దుగుందో" అంది. తెర మీద ఎవరివో రెండు చేతులు జానెడు బొమ్మకు జపాను అంగీ కుడుతున్నాయి. మనిషి కనబడదు, మాట వినబడదు. సూది గుడ్డలోకి దిగడం, పైకి రావడం, దారం బిగియడం, అంతే. చూస్తుంటే మనసుకు హాయిగా ఉంటుందట, నిద్రపట్టనివాళ్లు ఇవే చూస్తారట. నేను మాత్రం సూది దిగినప్పుడల్లా కళ్లు మూసుకున్నాను. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని "మస్తుగుంది బిడ్డా" అన్నాను గానీ, తర్వాత చాలాసేపు ఏ పనీ తోచలేదు.

అలాంటి బొమ్మ ఒకటి నాకూ ఉండేది. నిజాం రోజులవి, పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. ఇబ్రహీంపట్నంలో పెద్ద చెరువు కింద వరి పండించుకునే ఇల్లు మాది. మా మేనమామ పట్నంలో జపాను సామాను అమ్మే దుకాణంలో గుమాస్తాగా ఉండేవాడు. వచ్చినప్పుడల్లా రేకు బండో, రంగు గోలీలో తెచ్చేవాడు. ఒకసారి ఈ బొమ్మను తెచ్చాడు. తెల్లటి ముఖం, నున్నగా దువ్విన నల్లటి జుట్టు, కాళ్ల దాకా పువ్వుల పట్టు అంగీ, సంచుల్లా వేలాడే చేతులు, నడుముకు వెడల్పాటి పట్టీ, వీపున మూటలాంటి ముడి. అంగీని మామ 'కిమోనో' అనేవాడు. నాయనమ్మకు ఆ మాట నోరు తిరగక 'కిమానం' అనేది. బొమ్మ ఎప్పుడూ తల కాస్త దించుకునే ఉండేది. అందుకని నాయనమ్మకు అది తెగ నచ్చింది. మా అమ్మకూ చిన్నమ్మకూ చూపించి "కోడలంటే గిట్లుండాలె" అనేది. వాళ్లిద్దరూ వంటింట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లు.

మామ ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పి వెళ్లాడు. "ఎడమదిక్కు చెంగు పైకుండాలె బిడ్డా. కుడిది పైకొచ్చిందనుకో, అది సచ్చినోళ్లకు కట్టే తీరట. మా సేటు చెప్పిండు." ఆ మాట నా లోపల ముల్లులా దిగిపోయింది. రోజూ పొద్దున్నే లేచి ముందు బొమ్మ చెంగు ఎటుందో చూసుకుని, ఆ తర్వాతే ముఖం కడుక్కునేదాన్ని.

ఆ ఎండాకాలం చెరువు అడుగంటి బురద నెర్రెలు విచ్చింది. అప్పుడే ఊళ్లోకి మశూచి వచ్చింది. ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు. "ఫలానా ఇంట్ల తల్లి పోసింది" అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. గడపకు వేపమండలు కట్టిన ఇల్లు కనబడితే పిల్లలం ఆ వాడకట్టే తొక్కేవాళ్లం కాదు. మా వెనక సందులో నాతో అష్టాచెమ్మ ఆడే పిల్ల పోయింది. దాన్ని ఎప్పుడు తీసుకుపోయారో కూడా మాకు తెలియనివ్వలేదు. వారం తిరగకుండా మా గడపకూ వేపమండలు కట్టారు. నాకే పోసింది.

నన్ను పక్క అర్రలో వేపాకు పరిచి పడుకోబెట్టారు. అమ్మ చంకలో పాలు తాగే తమ్ముడు ఉన్నాడు కాబట్టి ఆమెను గడప దాటనివ్వలేదు. తలుపు అవతల ఆమె ముక్కు ఎగబీల్చే చప్పుడు మాత్రం వినబడేది. నా దగ్గర ఉండడానికి చిన్నమ్మను పెట్టారు. మా చిన్నాయన భార్య. కందుకూరు పిల్ల, కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. చిన్నప్పుడే ఆమెకు తల్లి పోసి తగ్గింది. ముఖం నిండా ఆ మచ్చలే. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదని అందరికీ తెలుసు. మచ్చల పిల్లని చేసుకున్నామని సణిగిన నోళ్లే అప్పుడు ఆమె చేతిలో నన్ను పెట్టాయి.

తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్లూ పోపు వేయకూడదు, తల దువ్వకూడదు, అన్నిటికీ మించి సూది పట్టకూడదు. సూది గుడ్డలో దిగితే పిల్ల కంట్లో దిగినట్టే అని నాయనమ్మ నమ్మకం. మా ఒక్క ఇల్లే కాదు, ఊరంతా నమ్మేది. కుట్టుపెట్టె, కత్తెర, దారపుండలు అన్నీ మూట కట్టి నాయనమ్మ తన సందూకలో వేసి తాళం పెట్టింది.

నా పక్కన బొమ్మ ఉండేది. పూటపూటకూ పసుపు నీళ్లు, వేపనీళ్లు చల్లుతుంటే దాని అంగీ నానింది. చూడటానికి అంత గొప్పగా ఉన్నా అది కుట్టిన అంగీ కాదు, బంకతో అతికించింది. ముందు ఒక చేయి ఊడింది, తర్వాత వీపు విడిపోయింది. జ్వరంలో ఉన్న నాకు అది గుడ్డ ఊడినట్టు లేదు, బొమ్మ తోలు ఊడుతున్నట్టు ఉంది. నా ఒళ్లూ అట్లాగే ఉంది మరి. దాని అంగీ పూర్తిగా రాలిపోయిన పొద్దు నేనూ పోతానని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. మజ్జిగ వద్దన్నాను, జావ వద్దన్నాను. నీళ్లు నోట్లో పోస్తే పక్కకు కార్చేశాను.

"తాగు బిడ్డా, ఒక్క గుక్క" అని చిన్నమ్మ బతిమాలింది.

"బొమ్మ సస్తుంది చిన్నమ్మా. అది పోతే నేను గూడ పోత."

చిన్నమ్మ గిన్నె కింద పెట్టింది. అప్పటికే నా కళ్లు వాచి మూసుకుపోయాయి కాబట్టి ఆమె ముఖం నాకు కనబడలేదు. మర్నాడు ఎండ మిటమిటలాడే వేళ నాయనమ్మ పోచమ్మ తల్లిని చల్లబరిచే సాక నీళ్లు పోయడానికి కడవతో వెళ్లింది. తలుపు దగ్గరికి వేసిన చప్పుడు, పెట్టె మూత లేచిన చప్పుడు వినబడ్డాయి. తర్వాత చర్రున గుడ్డ చిరిగింది. పసుపు వాసన వేసింది. అది ఆమె పెండ్లినాటి పసుపు బట్ట. కత్తెర లేదు గదా, చేత్తోనే చింపింది. ఆ అంగీకి వంకర కత్తిరింపులు లేవు. అన్నీ తిన్నటి ముక్కలే. ఊడిన ముక్కలను కొలతగా పెట్టుకుని చింపుకుంటూ పోయింది. దారం కోసం తన చీర అంచు నుంచి పోగులు లాగింది. సూది ఆమె పుట్టింటి పెట్టెలోది.

"చిన్నమ్మా, సూదా?"

"నోరు మూస్కో. తల్లి పసుపే ఇది. తల్లికి కోపం రాదు." ఆ మాట నాకు చెప్పిందో, తనకు చెప్పుకుందో. సూది గుడ్డలో దిగిన ప్రతిసారీ టిక్కుమని చిన్న చప్పుడు. నేను రెప్పలను ఇంకా గట్టిగా బిగించుకున్నాను. చిన్నమ్మ ప్రతి కుట్టుకూ "తల్లీ, నా కండ్లు తీస్కో, దానివి కాదు" అని గొణుగుతూనే ఉంది.

అనుకున్నదానికంటే ముందే నాయనమ్మ వచ్చేసింది. వాకిట్లో కడవ దించిన చప్పుడు, ఆ వెంటనే తలుపు కిర్రుమంది.

"పిల్ల ఏమన్న తాగిందా?"

చిన్నమ్మ పలకలేదు. తర్వాత తెలిసింది, సూదిని పెదవుల మధ్య దాచుకుందట. గుడ్డ నా దుప్పటి కింద ఉంది.

"నిన్నే అడుగుతున్న. మాట్లాడవేందే?"

"తాగుతున్న నాయనమ్మా" అన్నాను నేను. ఎన్నాళ్లకో నాయనమ్మ చెవిన పడిన నా మాట. నాయనమ్మ "నా తల్లే, నా తల్లే" అనుకుంటూ వెళ్లి అమ్మకు చెప్పింది. చిన్నమ్మ ఊపిరి వదలడం నా చెవికి తగిలింది.

కుట్టడం అయ్యాక బొమ్మకు తొడిగి నా చేతిలో పెట్టింది. వేళ్లతో తడిమాను. చేతులున్నాయి, పట్టీ ఉంది, వీపున ముడి ఉంది. ముందుకు వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. కుడి చెంగు పైన ఉంది. "చిన్నమ్మా! గిది సచ్చినోళ్ల కట్టు" అని కేక పెట్టబోతే ఆమె నా నోరు మూసింది. గబగబా పట్టీ విప్పి చెంగు మార్చి మళ్లీ చేతికిచ్చింది. తడిమి చూసుకుని మజ్జిగ అడిగాను.

పొక్కులు మాడాయి. కళ్లు తెరిపించే పొద్దు వచ్చింది. తడిగుడ్డతో చిన్నమ్మే మెల్లగా రెప్పలు తుడిచింది. ఎడమ కంటికి వేపాకు కనబడింది, దాని వెనక మచ్చలున్న ముఖం కనబడింది. కుడి కంటికి ఏదీ కనబడలేదు. అందులో తెల్లగా పువ్వు పూసింది.

చిన్నమ్మ అక్కడికక్కడే కూలబడి నాయనమ్మ కాళ్లు పట్టుకుని అంతా చెప్పేసింది. నాయనమ్మ కొడుతుందనుకున్నాను, పుట్టింటికి పంపేస్తుందనుకున్నాను. ఆమె నా గడ్డం పట్టి ముఖాన్ని వెలుగుకు తిప్పి చూసింది. తర్వాత "పిల్ల బతికింది గద. ఇగ నోరు మూస్కో. ఊరికి తెలిస్తె నిన్ను బతకనియ్యరు" అంది. కొత్త అంగీతోనే బొమ్మను, నా దుప్పట్లను, వేపాకును ఊరి పొలిమేర దాటించి కాల్చేశారు. ఆ సంగతి కొన్నేళ్లు మా ముగ్గురి దగ్గరే ఉండిపోయింది.

చిన్నమ్మ మళ్లీ సూది ముట్టలేదు. రవిక చిరిగినా అమ్మ కుట్టి ఇవ్వాల్సిందే. నా కుడివైపు కూర్చునేది కాదు. కొన్నేళ్లకు టీకాలు వేసే సర్కారు మనిషి ఊళ్లోకి వచ్చాడు. జనం పిల్లల్ని వడ్ల గుమ్ముల్లో దాచారు. నాయనమ్మ కూడా తమ్ముణ్ణి దాచబోతే, చిన్నమ్మ వాణ్ణి రెక్క పట్టి లాగి, చంకలో తన పసిదాన్ని ఎత్తుకుని నడిబజార్లోకి నడిచింది. అంతవరకు అత్త ముందు గొంతెత్తని మనిషి, ఊరు వింటుందని కూడా చూడలేదు. "సూది పట్టినందుకే దాని కన్ను పోయిందో, పట్టకున్నా పోతుండెనో నాకెర్క లేదత్తా. ఇంకో పిల్ల కన్ను పోతే మాత్రం నేను సూస్త ఊకోను" అంది. టీకా వేసే పరికరం పసిదాని చేతి మీద ఆనినప్పుడు తల పక్కకు తిప్పుకుంది. కాళ్లు మాత్రం కదపలేదు. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే పిల్లల్ని బయటికి తెచ్చారు.

చిన్నమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ జబ్బు ఇప్పుడు భూమ్మీదే లేదు. పేరు చెబితే మా ఇంటి పిల్లలు అర్థం అడుగుతారు. ఊరంతటినీ గొంతు తగ్గించి మాట్లాడించిన అంత పెద్ద భయాన్ని కాలం ఎత్తుకుపోయి ఎక్కడ పారేసిందో గానీ, పోతూ పోతూ చిన్నమ్మ సూది పట్టిన ఆ ఒక్క మధ్యాహ్నాన్ని మాత్రం నా దగ్గర మరిచిపోయింది.