రఫూ అక్క తీయని తలుపు

లాండ్రీ దుకాణం పైనున్న ఆ గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. ఎండ నేరుగా పడదు కానీ, వెలుగు రోజంతా పాలలా పరుచుకుని ఉంటుంది. ఆ వెలుగులో కూర్చుని ఆమె చిరుగులు మాయం చేస్తుంది. పురుగు కొట్టిన కోటైనా, నిప్పురవ్వ పడిన ప్యాంటైనా, లోపలి మడతలోంచి పోగు లాగి, రఫూ అల్లి ఇచ్చిందంటే చిరుగెక్కడుందో బట్ట గలవాడే వెతుక్కోవాలి. అందుకే వీధిలో అందరికీ ఆమె రఫూ అక్క.

పుట్టిన కొత్తలో తల్లి ముద్దు పెట్టుకుని, "ఇదేంటి, పిల్ల ఇంత ఉప్పగా ఉంది! సముద్రంలోంచి తెచ్చారా ఏంటి?" అందట. డాక్టర్లు దానికి సిస్టిక్ ఫైబ్రోసిస్ అని పేరు చెప్పారు. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా గట్టిపడుతుంది. అందులో క్రిములు కాపురం పెడతాయి. రోజూ మందు ఆవిరి పీల్చి, వీపు తట్టించుకుని, ఆ కఫాన్ని బయటికి తెచ్చుకోవాలి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె అలాగే నెట్టుకొస్తోంది.

పనిలో ఉన్నంతసేపూ పక్కన రేడియో మోగుతుండేది. ఒకరోజు మధ్యాహ్నం కొత్త అమ్మాయి ఎవరో వాతావరణం చదివింది. కమ్మని గొంతు. కానీ ప్రతి వాక్యానికీ ముందు చిన్న విరామం, ఆ విరామంలో మింగేసిన దగ్గు. రఫూ అక్క చేతిలో సూది ఆగిపోయింది. లోకంలో లక్ష దగ్గులుండొచ్చు, తన దగ్గు తనకు తెలియదా? వారం రోజులు తటపటాయించి రేడియో స్టేషన్‌కి ఫోన్ చేసి, ఆ అమ్మాయిని పిలిపించింది.

"ఏమీ అనుకోకండి. చిన్నప్పుడు మిమ్మల్ని ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉండేదని మీ అమ్మగారు చెప్పేవారా?"

"ఎవరండీ మీరు? మా అమ్మకి తెలిసినవాళ్ళా?"

"కాదమ్మా. నేనూ ఆ ఉప్పు సరుకునే."

అవతలి పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది. ఆ దగ్గు వింటూ ఈమె కూడా దగ్గింది. పరిచయం అలా మొదలైంది.

ఆ పిల్లది పక్క ఊరు, ఈమెకన్నా పన్నెండేళ్ళు చిన్న. నోరు మూయకుండా కబుర్లు చెబుతుంది కాబట్టి రఫూ అక్క పిచ్చుక అని పేరు పెట్టింది. ఏడేళ్ళు రోజూ ఫోన్లోనే. ఇద్దరికీ డాక్టర్ ఒకరే. కానీ ఒకరిని మంగళవారం రమ్మంటే, ఇంకొకరిని శుక్రవారం రమ్మనేవాడు.

"ప్రపంచంలో ఎవరితోనైనా ఒకే కంచంలో తినండి, నాకేం అడ్డం లేదు," అనేవాడాయన. "మీలో మీరు మాత్రం కలవొద్దు. ఒకరిలో ఉన్న క్రిమి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఏమీ చేయకపోవచ్చు, మీలో రెండోవాళ్ళకి చేరిందంటే వదలదు. ఒక్క దగ్గు తుంపర చాలు."

మొన్న వేసవిలో పిచ్చుకకు ఈ ఊరికే బదిలీ అయింది. ఇక ఆగలేకపోయారు. లాండ్రీకి ఎదురుగా వీధి అవతల గ్రంథాలయం ఉంది. అందులో పై అంతస్తు కిటికీ దగ్గర పిచ్చుక, ఇక్కడ తన కిటికీ దగ్గర రఫూ అక్క, చెవుల దగ్గర ఫోన్లు.

అన్నేళ్ళూ గొంతుగా ఉన్న మనిషి ఒళ్ళూ జడా చేతులూ తొడుక్కుని కనిపించేసరికి రఫూ అక్కకు కలలో ఉన్నట్టే అనిపించింది. అద్దం అవతల పెదవులు కదిలిన క్షణానికి చెవిలో మాట వినిపిస్తోంది. కింద వీధి ఏరులా మెల్లగా పారుతోంది. ఇద్దరూ చెరో గట్టున కూర్చున్నారు. ఎంతసేపు గడిచిందో తెలియలేదు.

ఉన్నట్టుండి అవతలి కిటికీ ఖాళీ అయింది. కాసేపటికి లాండ్రీ మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు మీద మెత్తగా రెండు దెబ్బలు.

"అక్కా, నేనే. మాస్క్ వేసుకున్నాను. ఒక్కసారి చూసి వెళ్ళిపోతా. తలుపు తియ్యవూ?"

రఫూ అక్క గడియ మీద చెయ్యి వేసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తియ్యనే. కిందికెళ్ళు, ఫోన్లో చెప్తాను."

"నా క్రిములంటే అంత భయమా?"

"నీవి కాదే, నావి." తలుపుకి దూరంగా జరిగి, గొంతు పెంచి చెప్పింది. "నాకు పదకొండేళ్ళప్పుడు మనలాంటి పిల్లలందర్నీ పది రోజులు ఒక శిబిరానికి తీసుకెళ్ళారు. అప్పటికి ఎవరికీ ఈ సంగతి తెలీదు. పద్నాలుగు మందిమి ఒకే గదిలో పడుకున్నాం, ఒకే గ్లాసుతో తాగాం. సిగ్గుపడకుండా దగ్గడం అదే మొదటిసారి. అంత సుఖం మళ్ళీ ఎరగను. ఇంటికొచ్చాక జ్వరం. నా పక్కమంచం పిల్ల దగ్గరున్న క్రిమే ఐదుగురికి అంటుకుందని తర్వాత తేలింది. వాళ్ళలో ముగ్గురు లేరిప్పుడు. పాపం, ఆ పిల్లకి మాత్రం ఏం తెలుసు! ఆ క్రిమి నాలో ఇంకా ఉంది."

"ఏడేళ్ళలో ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నా గొంతుకి కూడా భయపడతావేమోనని."

అడుగులు మెట్లు దిగిపోయాయి.

పంతొమ్మిది రోజులు ఫోన్ లేదు. రేడియోలో మాత్రం ఆ గొంతు ఎక్కడో వాన పడుతుందని చెబుతూనే ఉంది. రఫూ అక్క ఒక కోటును మూడుసార్లు విప్పి మూడుసార్లు అల్లింది. ఇరవయ్యో రోజు ఫోన్ మోగింది.

"కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఎవరితో పోట్లాడాలన్నా నువ్వే కదా ఉన్నావ్. మెట్లెక్కి వచ్చానని డాక్టర్‌కి చెప్పేశాను. బాగా తిట్లు తిని, కఫం పరీక్షకిచ్చాను. ఆ క్రిమి లేదట."

రఫూ అక్క కళ్ళు తుడుచుకుంది. "నా బంగారు తల్లివే," అంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం చెరో కిటికీ దగ్గరా కూర్చుంటారు. మొన్న కింద ఇద్దరు మనుషులు ఒక సోఫాను ఇరుకు గుమ్మంలోంచి లోపలికి తోయాలని అరగంటసేపు తిప్పలు పడ్డారు.

"నిలబెట్టి తొయ్యమని చెప్పు అక్కా!"

"నువ్వే చెప్పు, రేడియోలో చెప్తే వింటారు."

చివరికి ఆ మనుషులు విసిగిపోయి, వీధిలోనే సోఫా మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు. పైన చెరో కిటికీలో ఇద్దరు ఆడవాళ్ళూ ఫోన్లు పక్కన పెట్టి, కడుపు పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వారు.