మేట్రన్ గారి గొంతు

సమ్మక్క సిస్టరుకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. సూరత్ ఆసుపత్రి మూడో అంతస్తులో ఆమె నోరు విప్పితే కింద గేటు కాపలాదారు లేచి సెల్యూట్ చేసేవాడు. ఇరవై కిలోమీటర్ల అవతల కామ్‌రేజ్‌లో ఉన్న చెల్లెలితో ఆమె మాట్లాడుతుంటే, మధ్యలో ఫోను దేనికని ఆసుపత్రిలో అందరికీ సందేహం.

2021 ఏప్రిల్‌లో, పాత మేట్రన్‌కు కరోనా సోకడంతో ఆ పదవి తాత్కాలికంగా సమ్మక్కకు వచ్చింది. సహాయకురాలిగా నర్సు రుచితను వేశారు. ఇద్దరివీ తెలంగాణ నుంచి సూరత్ చేరిన మరమగ్గాల కుటుంబాలే. ఆ సంగతి రుచిత ఎవరికీ తెలియనివ్వలేదు. మొదటి రౌండ్సులోనే, డాక్టర్ల నడుమ, ఆ జాగ్రత్త గాలికి పోయింది.

"రుచితా! మీ బాపు మగ్గం నడుస్తుందా బిడ్డా? నీ విరేచనాలు తగ్గినయా?"

తెలుగు రాని డాక్టర్ల సౌకర్యార్థం హిందీలోనూ అడిగింది. రుచిత పీపీఈ కిట్టులో ముడుచుకుపోయింది.

వారం తిరగకముందే పెద్ద డాక్టరు రుచితను పిలిచాడు. "రుచితాబెన్, ఆ గొంతు తగ్గకపోతే మేట్రన్‌గా వేరొకరిని చూస్తాం. మీరే చెప్పండి."

రుచిత చెప్పింది, కొంత సంతోషంగానే. "జర మెల్లగ మాట్లాడక్కా! లేకుంటే కుర్సీ పోతదట."

"మెల్లగనే మాట్లాడుతున్న గదనే!"

రెండు వార్డుల రోగులు ఉలిక్కిపడ్డారు.

మర్నాడు కరోనా వార్డులో, సచిన్ పారిశ్రామికవాడ నుంచి వచ్చిన మగ్గాల కార్మికుడు రాజనర్సుకు రుచిత చెప్పింది: "మామా, బోర్ల పండు. ఆక్సిజన్ పెరుగుతది." అతడు వినయంగా తలూపి వెల్లకిలానే ఉన్నాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ తలూపి, నవ్వాడు కూడా. మానిటరులో అంకె పడిపోతోంది.

"ఒక్క ముక్క వినవేంది?" రుచిత విసుక్కుంది.

"అందరూ బోర్ల పండుండ్రి!" గుమ్మంలో సమ్మక్క.

వార్డంతా ఒక్కసారిగా తిరగబడింది, రాజనర్సూ తిరిగాడు. డిశ్చార్జి అయి చెప్పులు తొడుక్కుంటున్న ముసలాయన, చెప్పులతోనే బోర్లా పడుకున్నాడు.

అంకె నెమ్మదిగా పైకి పాకింది. సమ్మక్క రుచిత చెవి దగ్గరకు వంగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, గుసగుసలాడింది.

"మగ్గాల చప్పుడుకు ఆయన చెవులు పోయినయ్. తెలిస్తే మగ్గాల సేఠ్ పనిల నుంచి తీసేస్తడు. ఇట్లాంటోళ్లతోనే ఒర్రితే వాళ్ల సంగతి అందరికీ తెల్వదా? అందుకే అందరితోటి ఒర్రుత."

రుచిత తలెత్తలేకపోయింది. ఇంట్లో తండ్రి కూడా ఇలాగే ప్రతి మాటకూ తలూపుతాడు. ఇన్నేళ్లూ ఆమె దాన్ని మొండితనమనుకుంది.

అప్పుడే వచ్చిన పెద్ద డాక్టరు గొంతు తగ్గించి అడిగాడు: "మేట్రన్‌కు చెప్పారా?"

రుచిత గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"చెప్పాను సార్! ఆమెకు వినిపించలేదట!"

డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"జర మెల్లగ, బిడ్డా!" అంది సమ్మక్క, వార్డంతా వినేలా.