రెండో రాణి వేషం

మా ఆయన మొదటి భార్య కూతురికి స్కూలు నాటకంలో రెండో రాణి వేషం వచ్చింది. ఆరుగురిని పెళ్ళాడిన ఇంగ్లండు రాజు కథ అది. ఆ రెండో రాణి, మొదటి రాణి దగ్గర చెలికత్తెగా ఉండి ఆమె మొగుణ్ణే కట్టుకుంది.

నేనూ అంతే. ఉద్యోగం దొరికి దోహా వచ్చిన కొత్తలో, ఉమ్ ఘువైలినా పేటలోని వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది ఇచ్చి ఎనిమిది నెలలు నాకు అన్నం పెట్టింది ఆ మొదటి భార్యే. నర్సు. అక్కా అని పిలిచేదాన్ని. తర్వాత వాళ్ళు విడిపోయారు. ఆవిడ పక్క ఊరు అల్ వక్రాకి మారింది, నేను ఆయన్ని పెళ్ళి చేసుకున్నాను. పాప వారమంతా తల్లి దగ్గర, శుక్ర శనివారాలు మా దగ్గర.

పాప వచ్చినప్పుడల్లా ఆవిడ ఆయన కోసం కాకరకాయ కారం పంపేది. ఆయన నా కూర పక్కకి జరిపి అదే కలుపుకునేవారు. ఒకసారి డబ్బా మొత్తం చెత్తబుట్టలో పారేశాను. పాప చూసింది.

గౌను నేనే కుట్టాను. నడుము దగ్గర పిన్నులు పెడుతుంటే పాప తన డైలాగులు వల్లె వేస్తోంది. రాజు పక్కన పెట్టేశాక కూడా మొదటి రాణి ఆయనకి చొక్కాలు కుట్టి పంపేదట. దానికి రెండో రాణి మండిపడే సీను.

"గెలిచింది తనే కదా పిన్నీ, చొక్కాలకి అంత కోపం దేనికి?"

"భయం అయ్యుంటుంది. తన తర్వాత మూడో రాణి వస్తుందేమోనని."

"నువ్వు కూడా అమ్మ దగ్గర ఉండేదానివి కదా?"

మిగిలిన పిన్నులన్నీ పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

నాటకం రోజు ఆయన మెసయీద్ ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉండిపోయారు. హాల్లో ఆవిడ పక్క కుర్చీ ఒక్కటే ఖాళీ. కూర్చున్నాను. స్టేజీ మీద పాప చొక్కా లాక్కుని అరుస్తుంటే జనం నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు.

అయిపోయాక కారిడార్‌లో ఆవిడ నన్ను ఆపింది.

"ఒక్కటి నిజం చెప్పు. నా ఇంట్లో ఉన్నప్పుడే మొదలైందా?"

ఆయన ఇన్నేళ్ళూ కాదనే, అంతా ఆవిడ అనుమానమనే చెప్పారు. నేనూ అదే చెప్పాలని మా ఇద్దరి మధ్య మాట.

"అవునక్కా," అన్నాను.

ఆవిడ గోడకి ఆనుకుంది. "అయితే అప్పుడు నాకు పిచ్చేమీ పట్టలేదన్నమాట," అంది మెల్లగా. గౌనులోనే వచ్చి మా వెనక నిలబడి వింటున్న పాప చెయ్యి పట్టుకుని మెట్రో స్టేషన్ వైపు వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పాప రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చింది. నన్ను పిన్నీ అనడం మానేసింది. ఏమనీ పిలవడం లేదు.